ఒప్పుకొనే అధికారం లేని ముగ్గురం

ఢిల్లీ వెళ్లివచ్చిన వాళ్లు ఎర్రకోట గురించి చెబుతారు. మేము ఎర్రకోట చూడలేదు. బస్సులోంచి దాని గోడ కనబడిందని లచ్చయ్య మామ ఇప్పటికీ అంటాడు. అది వేరే ఏదో గోడ అని నా అనుమానం. మేము వెళ్లింది ఒక మాట చెప్పడానికి. చెప్పి వచ్చాం. మధ్యలో ఏం జరిగిందో వెళ్లని వాళ్ల కోసం రాస్తున్నాను.

మాది ఖమ్మం జిల్లా ఏజెన్సీ. ఒక కొండను చుట్టుకొని అయిదు కోయ ఊళ్లు ఉన్నాయి. కొండను తవ్వుకోవడానికి ఒక కంపెనీ అర్జీ పెట్టింది. తవ్వాలంటే ఊళ్లు లేచి మైదానానికి దిగాలి. అనుమతి ఇచ్చేముందు కేంద్ర ప్రభుత్వంలో ఒక ఆఫీసు మా మాట వినాలట. అందుకు ఊళ్లన్నీ కూర్చొని ముగ్గురిని పంపాయి. ఒకరు ముత్తమ్మ అత్త. అరవై దాటిన మనిషి, పంచాయితీలో ఆమె లేచిందంటే మగవాళ్లు చుట్ట ఆర్పేస్తారు. రెండు, పూజారి లచ్చయ్య మామ. మూడు, నేను. నేను బడికి పోలేదు. సంతలో షావుకారు కాటా చూస్తూ లెక్క పట్టుకున్నాను, పెద్దయ్యాక మా బడి పంతులుగారి దగ్గర అక్షరాలు దిద్దాను. ఊళ్లలో చేలు కొలిచే పని నాది. హిందీ వాళ్లు అంకెలు చెబితే తెలుస్తుంది కాబట్టి నన్ను కలిపారు.

మా పద్ధతి ఒకటి ముందే చెప్పాలి. పిల్లను అడగడానికి పెద్దలు వేరే ఊరు వెళతారు. అక్కడ తింటారు, తాగుతారు, అవతలివాళ్ల మాట వింటారు. అంతేగాని అక్కడ ఏమీ ఖాయం చెయ్యరు. పిల్ల తండ్రి ఎంత మంచి మాట చెప్పినా, ఊళ్లో చెప్పి వస్తాం అని లేస్తారు. వెళ్లినవాడు తన సొంతానికి ఖాయం చేసి వస్తే ఆ మాటను ఎవరూ లెక్కచెయ్యరు, ఇంకోసారి అతన్ని ఎక్కడికీ పంపరు. మమ్మల్ని ఢిల్లీకి పంపింది కూడా ఆ పద్ధతిలోనే. కొండ ఇవ్వం అని చెప్పాలి. వాళ్లు ఏమంటారో విని రావాలి.

రైల్లో

ఖమ్మంలో ఎక్కాం. చలికాలం. మా ఎదుటి సీట్లో ఒక జవాను భార్య, ఇద్దరు పిల్లలతో ఢిల్లీ కంటోన్మెంటుకు పోతోంది. వరంగల్ అమ్మాయి. తన రొట్టెల్లో సగం మాకు పెట్టింది. ముత్తమ్మ అత్త మూటలోంచి ఎండబెట్టిన ఇప్పపువ్వు తీసి పిల్లల చేతుల్లో పోసింది. తల్లి అనుమానంగా చూసింది. ఇది తింటే మత్తు ఎక్కదా అని నన్ను అడిగింది. సారా కాస్తే ఎక్కుతుంది, నమిలితే కిస్మిస్ లాంటిదే అన్నాను. నాగ్‌పూర్ దాటేసరికి పిల్లలు మూట ఖాళీ చేశారు. ఢిల్లీలో మా తరఫున తిరిగే వకీలు గారికని తెచ్చిన పువ్వు అది. ఇక ఆయనకు చింతపండు, తేనె మాత్రం మిగిలాయి.

భోపాల్ దాటాక చలి మొదలైంది. మా ఊళ్లో చలికి నెగడు ఉంటుంది. రైల్లో నెగడు లేదు. లచ్చయ్య మామ నా దుప్పటి కూడా కప్పుకొని, తను ముసలివాడినని, నేను లెక్కలు వేసుకుంటే వేడి పుడుతుందని అన్నాడు.

లక్ష్మీ నగర్

మా వకీలు మూర్తి గారిది కాకినాడ వైపు. ఢిల్లీలో చాలా ఏళ్లుగా ఉన్నారు. లక్ష్మీ నగర్లో ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో ఆయన ఆఫీసు, దాని వెనకే ఇల్లు. మెట్ల మీద కూడా కుర్రాళ్లు కూర్చొని చదువుకుంటున్నారు. వాళ్లను దాటుకొని పైకి వెళ్లాలి. ఒక్కరూ తల ఎత్తలేదు. ఇంతమంది ఒకే ఉద్యోగానికి చదువుతున్నారా అని అత్త అడిగింది. దాదాపు అంతే అన్నాను. అయితే మిగిలినవాళ్లంతా ఇంటికి పోయి ఏం చెబుతారో అని ఆమెకు దిగులు పట్టుకుంది.

మూర్తి గారు మంచివారు. ఇది నేను వెటకారానికి రాయడం లేదు. రెండేళ్లుగా మా దగ్గర ఫీజు తీసుకోకుండా తిరుగుతున్నారు. మాకు ఆఫీసులోనే పక్కలు వేయించారు. ఆయన భార్య పప్పు, వంకాయ కూర వండి పెట్టింది. పన్నెండో తరగతి చదివే కూతురు టీ తెచ్చింది. అత్త తెలుగులో ఏది అడిగినా ఆ పిల్లకు అర్థమవుతోంది, జవాబు మాత్రం హిందీలో, చివర ఆంటీ అని. ఆంటీ అంటే ఏ వరస అని అత్త నన్ను అడిగింది. అన్ని వరసలకూ అదేనట అన్నాను. "అయితే ఏ వరసా కాదన్నమాట" అని టీ తాగింది.

భోజనాలయ్యాక మూర్తి గారు అసలు సంగతి చెప్పారు. కంపెనీ దిగివచ్చిందట. ఇంటికో పక్కా ఇల్లు, మైదానంలో కాలవ కింద పొలం, ఇంటికో ఉద్యోగం. ఒప్పందం కాగితం తయారుగా ఉంది. ఇంకో మూడు రోజులకు ఆఫీసులో దాని మీద మేము వేలిముద్రలు వెయ్యాలి.

"ఇంతకంటే రాదండీ" అన్నారు ఆయన. "కొండ ఎలాగూ ఆగదు. ఆగనిదానికి మంచి బేరం కుదరడం కూడా గెలుపే. మావాళ్లు సుముఖంగా ఉన్నారని నేను ఆఫీసులో చెప్పేశాను కూడా."

అత్త ఆయన వైపు తిరిగింది. "నిన్ను ఎవరు ఒప్పుకోమన్నారు బాబూ?"

ఆయన నొచ్చుకున్నారు. బీరువా తెరిచి వకాలతు కాగితం తీశారు. కింద ఊరి పెద్దల వేలిముద్రలు, నా సంతకం ఉన్నాయి. ఆయన వేలుపెట్టి చూపించిన చోట నేను చదివాను. మా తరఫున మాట్లాడడానికి, అవసరమైతే రాజీ చేసుకోవడానికి ఆయనకు అధికారం ఇస్తున్నాం అని ఉంది. వకాలతుల్లో అది అచ్చువేసి ఉండే మాటేనట, దేశమంతా అంతేనట.

మేము ఆయన్ని పెళ్లిమాటకు పంపే పెద్దమనిషి అనుకొని పంపాం. ఆయనేమో కాగితంలో ఉన్నదే నమ్మారు. మోసం ఎవరూ చెయ్యలేదు. అయినా మా కొండ ఆయన జేబులోకి వెళ్లిపోయింది.

గ్రేటర్ నోయిడా

మరునాడు మూర్తి గారు ఒక కారు మాట్లాడి మమ్మల్ని యమున అవతలికి తీసుకెళ్లారు. భూములు ఇచ్చేసిన రైతులు ఎలా ఉన్నారో కళ్లతో చూడండి, తర్వాతే మాట్లాడండి అన్నారు. రోడ్డుకు రెండువైపులా ఇంజనీరింగు కాలేజీలు, ఫ్యాక్టరీ గోడలు. ఎకరం ఎంత ఉంటుందో కంటితో కొలవడం నాకు అలవాటు. అక్కడ ఒక కాలేజీ గేటుకూ గోడకూ మధ్య ఊరికే వదిలేసిన గడ్డి, మా ఊళ్లో రెండు ఇళ్లకు తిండి పెట్టే చెక్క అంత ఉంది.

ఒక పాత ఊళ్లో ఆగాం. అక్కడ తలపాగా కట్టిన ఒక ముసలాయన మంచం మీద కూర్చొని హుక్కా పీలుస్తున్నాడు. వెనక మూడంతస్తుల ఇల్లు, అన్ని గదుల్లోనూ కాలేజీ పిల్లలు అద్దెకు. మాకు పెద్ద ఇత్తడి గ్లాసుల్లో మజ్జిగ ఇప్పించాడు. మా చల్లకంటే చిక్కన, ఉప్పు ఎక్కువ. ఆయన ఏడవలేదు. హాయిగా ఉన్నాడు. పొలం పనిలో నడుం విరిగిందని, ఇప్పుడు నెల తిరిగేసరికి అద్దెలు వస్తాయని, కొండ పట్టుకొని వేలాడేవాళ్లు పిచ్చివాళ్లని మూర్తి గారి ద్వారా మాకు చెప్పాడు. మూర్తి గారి ముఖం వెలిగింది.

ఇవ్వడానికి ముందు నిన్ను అడిగారా అని అత్త అడిగించింది.

ఆయన నవ్వాడు. "మా ఊరి ప్రధాన్‌ను అడిగారు భాయ్. ప్రధాన్ సంతకం పెట్టాడు. నాకు నాలుగు రోజుల తర్వాత తెలిసింది."

ఆ ప్రధాన్‌ను ఏం చేశారు అని మళ్లీ అడిగించింది.

"ఏం చేస్తాం? మా అన్నే." అని పక్కనున్న ఇంకో మూడంతస్తుల ఇంటి వైపు హుక్కా గొట్టం చూపించాడు. "ఇద్దరికీ మాటల్లేవు. అది వేరే విషయం."

తిరిగి వచ్చేటప్పుడు కారులో మూర్తి గారు ఇల్లు చూశారా, ఇల్లు చూశారా అని అడుగుతూనే ఉన్నారు. చూశాం. చూసింది ఇల్లు ఒక్కటే కాదు.

లక్ష్మీ నగర్ చేరాక అత్త తేల్చేసింది. మేము వేలు వెయ్యం, నువ్వు రాజీ చెయ్యొద్దు, కొండ ఇవ్వం అని మాత్రం చెప్పు అంది. మూర్తి గారు తన మాట పోతుందన్నారు. అలా అయితే రేపటినుంచి తను మా వకీలుగా నిలబడలేనన్నారు. తను తప్పుకుంటే ఢిల్లీలో మా తరఫున నిలబడేవాళ్లు ఎవరూ లేరని కూడా అన్నారు. అది నిజం.

"నువ్వు మంచోడివే బాబూ" అంది అత్త. "మంచోడివని అయిదు ఊళ్లు నీకు రాసిచ్చేస్తామా?"

అప్పుడు లచ్చయ్య మామ ఒక చిక్కు లేవనెత్తాడు. వకీలును పెట్టింది అయిదు ఊళ్లు. తీసెయ్యడానికి మనం ముగ్గురం ఎవరం? ఊళ్లను అడగాలి కదా? మూర్తి గారు కుర్చీలో వెనక్కి వాలారు. నన్ను తీసెయ్యడానికి కూడా అక్కడికి కబురు పెడతారా, అప్పటిదాకా ఆఫీసు ఆగుతుందా అని నవ్వారు. ఆ నవ్వులో కోపం లేదు. అలసట ఉంది.

మేము మూటలు సర్దుకున్నాం. తేనె, చింతపండు ఆయన బల్ల మీదే వదిలాం. రెండేళ్లు తిరిగిన మనిషికి అవి చాలవు.

మునిర్కా

మా పంతులుగారి కూతురు సువర్ణ ఢిల్లీలో పరిశోధన చేస్తోంది. ముప్పై ఏళ్లుంటాయి. మునిర్కాలో అద్దె గది. బస్సు పట్టుకొని వెతుక్కుంటూ వెళ్లాం. బస్సువాడు ఆపకుండానే దింపాడు, లచ్చయ్య మామ చెప్పు ఒకటి బస్సుతోపాటే వెళ్లిపోయింది. మునిర్కా సందుల్లో ఎదురెదురు ఇళ్లు తల వంచి మాట్లాడుకుంటున్నట్టు ఉంటాయి. ఆకాశం కావాలంటే మేడ ఎక్కాలి. కింద కిరాణా కొట్లో చింతపండు చూశాను. మేము సంతలో కిలో ఇచ్చే ధరకు అక్కడ గుప్పెడు వస్తుంది.

సువర్ణ ముందు అన్నం పెట్టింది. తర్వాత సందు చివర ఎస్‌టీడీ బూత్‌కు తీసుకెళ్లి వాళ్ల నాన్నకు ఫోను చేయించింది. జరిగిందంతా నేను చెప్పి, వకీలును తీసెయ్యాలా అని ఊళ్లను అడగమన్నాను. అయిదు ఊళ్లనూ కూర్చోబెట్టి ఎల్లుండి పొద్దునకల్లా జవాబు చెప్పిస్తానన్నారు పంతులుగారు. ఒక ఊరు వాగు అవతల ఉంది. చేరగలరో లేదో.

మరునాడంతా కాచుకొని ఉండడమే పని. మేడ మీద ఎండలో కూర్చున్నాం. పరిశోధన అంటే ఏమిటని అత్త సువర్ణను అడిగింది. ఆమె చదివేది అమెరికా చరిత్ర. అక్కడ తెల్లవాళ్లకంటే ముందునుంచీ ఉన్న జనాల్లో చెరోకీలని ఒక జాతి ఉందట. నూట డెబ్భై ఏళ్ల కిందటి వాళ్ల కథ చెప్పింది. వాళ్ల నేలను చుట్టుపక్కల రాష్ట్రం కాజెయ్యబోతే వాళ్లు రాజధానికి మనుషులను పంపారు, పెద్ద వకీలును పెట్టారు, అన్నిటికంటే పెద్ద కోర్టుకు వెళ్లారు.

"వకీలు గెలిచాడా?" అంది అత్త.

"గెలిచిండు అత్తా. కోర్టు వీళ్లదే న్యాయం అన్నది. దేశం ఏలేటోడు కోర్టు మాట నడిపించలె."

తర్వాత కొద్దిమంది చెరోకీలు, ఇక ఏదీ దక్కదు, దొరికిందైనా తీసుకుందాం అనుకొని, జాతి తరఫున నేల ఇచ్చేస్తూ సంతకం పెట్టారు. వాళ్లు చెడ్డవాళ్లు కూడా కాదట, చదువుకున్నవాళ్లట. మిగిలిన వేలమంది, వాళ్లు మావాళ్లు కాదు, ఆ కాగితం మాది కాదు అని పేర్లు రాసి రాజధానికి పంపారు. అక్కడి పెద్దల సభలో ఓట్లు వేస్తే, ఉండాల్సినదానికంటే ఒక్క ఓటు ఎక్కువ వచ్చి ఆ కాగితం నెగ్గింది. నేను దాన్ని రెండోసారి చెప్పించుకున్నాను. వేలమంది పేర్లు ఒకవైపు. గుప్పెడు సంతకాలు, ఒక్క ఓటు ఇంకోవైపు. ఏ కాటా మీద తూచారు దాన్ని?

"మరి సంతకం పెట్టినోళ్లు?" అన్నాడు లచ్చయ్య మామ.

ముఖ్యులను ముగ్గురిని తర్వాత సొంతవాళ్లే చంపేశారని సువర్ణ చెప్పింది. అడగకుండా నేల అమ్మినవాడికి చావే అని వాళ్ల కట్టుబాటట. మామ తన బొటనవేలు ఎత్తి కాసేపు చూసుకొని పంచెలో దాచేశాడు. అత్త నవ్వింది. ఆ రోజంతటికీ మేము నవ్వింది అప్పుడే.

కాని మామ ఊరుకోలేదు. సంతకం పెట్టనివాళ్లు ఏం బాగుపడ్డారు, వాళ్లనూ వెళ్లగొట్టారు కదా అన్నాడు. సువర్ణ అవునంది. సైనికులు వచ్చి తోలారు, దారిలో చాలామంది చచ్చిపోయారు. అయితే తోలేసిన కొత్తచోటునుంచి కూడా వాళ్లు రాజధానికి మనుషులను పంపుతూనే ఉన్నారట. తాతలు, మనవలు, కొత్త వకీళ్లు. మేము ఇవ్వలేదు, మీరు గుంజుకున్నారు అని.

"గుంజుకున్నోడి దగ్గరికే అడగబోవచ్చు" అంది అత్త. "ఇచ్చినోడు ఏ మొహంతో పోతడు?"

ఆఫీసులో

పొద్దున్నే బూత్ తెరవకముందే షట్టర్ దగ్గర నిలబడ్డాం. పంతులుగారి గొంతు బొంగురుపోయి ఉంది. నాలుగు ఊళ్లు వకీలును తీసెయ్యమన్నాయి. వాగు అవతలి ఊరి మాట ఇంకా రాలేదు. మళ్లీ చెయ్యమన్నారు. నాలుగు చాలదా అని సువర్ణ అడిగింది. చాలదని ముగ్గురం ఒకేసారి అన్నాం. మళ్లీ చేశాం. మళ్లీ చేశాం. బూత్ అతను మమ్మల్ని పిచ్చివాళ్లను చూసినట్టు చూశాడు. నాలుగోసారికి జవాబు వచ్చింది. ఆ ఊరివాళ్లే వాగు దాటి వచ్చి చెప్పి వెళ్లారట. అయిదూ ఒకటే మాట.

సువర్ణ అక్కడే నిలబడి ఒక ఉత్తరం రాసింది. మాకు వకీలు లేరు, మా మాట మేమే చెప్పుకుంటాం అని. ఆటో ఎక్కి ఆఫీసుకు చేరాం. ఏ ఆఫీసో రాయను. గేటు దగ్గర సిపాయి ఒంటి చెప్పుతో ఉన్న మామను చూసి చాలా ప్రశ్నలు వేశాడు. మామ ఆ ఒక్క చెప్పూ విడిచి, వట్టి కాళ్లతో లోపలికి నడిచాడు.

పొడుగు బల్ల. తల దగ్గర ఒక ఆఫీసరమ్మ, శాలువా కప్పుకొని. ఒకవైపు కంపెనీ మనుషులు. మూర్తి గారు కూడా వచ్చారు. ఎవరి పక్కనా కాకుండా గోడవైపు కుర్చీలో కూర్చున్నారు. సువర్ణ తన ఉత్తరం ముందు ఆయనకే చూపించింది. ఒప్పందం కాగితం బల్ల మధ్య ఉంది. సంతకాలు అయ్యాయా అని ఆఫీసరమ్మ మూర్తి గారిని అడిగింది. ఆయన లేచి, కళ్లజోడు తీసి తుడుచుకొని, లేదన్నారు. వీళ్లు నన్ను తప్పించారు, సుముఖంగా ఉన్నారని నేను చెప్పింది వాళ్ల మాట కాదు అని కూర్చున్నారు. అంత మాట ఆయన అననక్కర్లేదు. అన్నారు.

అత్త కోయలో మాట్లాడింది. దాన్ని నేను తెలుగులో చెప్పాను. నా తెలుగును సువర్ణ హిందీలో చెప్పింది. ఆఫీసరమ్మ జవాబు అదే దారిలో వెనక్కి వచ్చింది. కొంచెం త్వరగా అని కంపెనీ మనిషి ఒకతను విసుక్కున్నాడు. కొండ తవ్వడానికి ఏళ్లు ఆగుతారు, వినడానికి గంట ఆగలేరా అని సువర్ణ అతనికి హిందీలోనే అంటించింది. అది మాకు తర్వాత చెప్పింది.

అసలు మీలో లీడర్ ఎవరు అని ఆఫీసరమ్మ అడిగింది. ముగ్గురం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. లీడర్ లేడు అన్నాం. అయితే ఒప్పుకొనే అధికారం ఎవరికి ఉంది?

"మాకు లేదు" అంది అత్త. "నేను ఒప్పుకుందామనుకున్నా నాకు లేదు."

ఆఫీసరమ్మ కలం కింద పెట్టింది. "అచ్ఛా. అధికారం లేనివాళ్లను అంత దూరం నుంచి ఎందుకు పంపారు?"

"ఇవ్వం అని చెప్పడానికి. అది చెప్పే అధికారం ఉంది. ఒప్పుకోవడం కావాలంటే నువ్వే రా తల్లీ. అయిదు ఊళ్లూ కూర్చుంటాయి. అందరి ముందు అడుగు."

నేను తెలుగులో చెప్పేటప్పుడు తల్లీ అన్న మాట వదిలేద్దామా అనుకున్నాను. వదలలేదు. సువర్ణ కూడా వదలలేదు.

ఆఫీసరమ్మ మెల్లగా, విడమరిచి చెప్పింది. సంతకం లేకపోయినా ఫైలు పైకి వెళుతుంది. పైవాళ్లు అనుమతి ఇవ్వొచ్చు. అప్పుడు ఈ ఇళ్లు, పొలాలు, ఉద్యోగాలు ఇవే రేటులో దొరుకుతాయని తను మాట ఇవ్వలేనంది. అర్థమైందా?

అర్థమైంది. మూడు భాషల్లో అర్థమైంది. ఎంత పోతుందో ముగ్గురిలో అందరికంటే ఎక్కువ నాకు తెలుసు. మైదానం పొలాన్ని రాత్రంతా మనసులో కొలిచాను. మంచి పొలమే.

పంపండి అన్నాడు మామ. మేము వచ్చామని, సంతకం పెట్టలేదని దాని మీద రాసి పంపండి.

ఆమె రాసింది. గుమాస్తా ఒక తెల్ల కాగితం మా ముందు పెట్టి, హాజరైనట్టు కింద సంతకాలు చెయ్యమన్నాడు. పైన అంతా ఖాళీ. మామ పంచెలోంచి చెయ్యి తియ్యలేదు. ఖాళీ కాగితం కింద వేలు వెయ్యం అని నేను చెప్పాను. ఇది హాజరు మాత్రమే, ఢిల్లీలో అందరూ చేస్తారు అన్నాడు గుమాస్తా. అందరూ చెయ్యనివ్వండి అన్నాను.

ఆఫీసరమ్మ ఆ కాగితం తన వైపు లాక్కుంది. తను ఫైలు మీద రాసిన మాటలే దాని మీద మళ్లీ రాసి, పైకి చదివింది. సువర్ణ తెలుగు చేసింది, నేను కోయలో చెప్పాను. వచ్చారు. విన్నారు. ఒప్పుకోలేదు. మాటల కింద మిగిలిన ఖాళీ సంగతి అత్త అడిగింది. ఆఫీసరమ్మ ఆమె ముఖంలోకి చూసి, కలం తిప్పి, మిగిలిన తెలుపంతా ఇంకో అక్షరం పట్టకుండా అడ్డంగా కొట్టేసింది.

అప్పుడు మామ చెయ్యి బయటికి తీశాడు. అత్త వేలు వేసింది, మామ వేశాడు, నేను సంతకం పెట్టాను. ఇది రాసేనాటికి ఫైలు ఎక్కడుందో మాకు తెలియదు. రేపు లారీలు రావచ్చు, పోలీసులు రావచ్చు. ఢిల్లీలో మేము పెట్టిన సంతకం మాత్రం అదొక్కటే, ఒప్పుకోలేదు అన్న మాట కింద.